ఆదివారానికి ఎంత రాద్దాం?

క్లినిక్, మందుల గది
జూన్ 3

పిచ్చుకా,

ఫోన్‌లో చెబితే నువ్వు "ఊ, ఊ" అంటూ ఇంకెవరికో ఏదో టైప్ చేస్తుంటావు. ఆ టకటక నాకు వినిపిస్తూనే ఉంటుంది. అందుకే ఉత్తరం. చదివినంతసేపైనా నీ రెండు చేతులూ నా దగ్గరుంటాయి.

విషయం ఇది. మా డాక్టరమ్మ ట్యాబ్ కొన్నది. ఇక పుస్తకాలొద్దు, నోట్స్ అన్నీ ఇందులోనే రాద్దామంది. "పందొమ్మిదేళ్ళుగా రాస్తున్నది నువ్వు. ఏ యాప్ కావాలో కూడా నువ్వే చూసుకో" అని దాన్ని నా చేతిలో పెట్టి, కాలు విరిగిన పిల్లిని చూడటానికి వెళ్ళిపోయింది. ఎంత మొండి కుక్కకైనా మాత్ర మింగించడం నాకు వచ్చు. దీని నోరు ఎక్కడుందో మాత్రం తెలియడం లేదు. నోట్స్ యాప్ కంపెనీలో పొద్దస్తమానం ఫోన్లెత్తే పిల్ల మన ఇంట్లోనే ఉండగా బయటివాళ్ళని అడగడమెందుకని నీకు రాస్తున్నాను.

మేం రాయాల్సినవి ఎక్కువేం కాదు. ఏ జంతువుకి ఏ రోజు ఏ టీకా వేశామో, టీకా పెట్టె మీది నంబరుతో సహా రాయాలి. ఇక్కడే ఉంచుకున్న జంతువులు తిన్నాయో లేదో రాయాలి. టీకాల ఫ్రిజ్ ఎన్ని డిగ్రీల దగ్గరుందో పొద్దునొకసారి, సాయంత్రమొకసారి, వారంలో ఏడు రోజులూ రాయాలి. రెండుకి తగ్గకూడదు, ఎనిమిది దాటకూడదు. దాటితే ఆ టీకా పనిచేస్తుందన్న నమ్మకం ఉండదు.

మందుల గదిలో నెట్ రాదు. నాకు కళ్ళద్దాలున్నా చిన్న అక్షరాలు ఆనవు. రాసింది పోకూడదు. ఇవి చూసి ఏదైనా చెప్పు.

ఇంకో చిన్న మాట. ఏ రోజైనా రాయడం కుదరకపోతే, మర్నాడు రాసి ముందురోజు తేదీ వేసుకోవచ్చా? పనిలో చేతులు తడిగా ఉంటాయి కదా, అందుకని.

మీ అమ్మని అడిగానని చెప్పు.

పిన్ని

*

హెల్ప్‌డెస్క్, నాలుగో అంతస్తు
జూన్ 11

పిన్నీ,

రెండు చేతులతోనే చదివాను. పక్క సీటమ్మాయి "ఎవరైనా పోయారా?" అని అడిగింది. మా ఆఫీసుకి కాగితం మీద వచ్చినవాటిలో కరెంటు బిల్లు కానిది ఇదొక్కటేనట.

ముందు నా పరువు నేనే తీసుకుంటాను. ఈ రెండేళ్ళలో ఏడు యాప్‌లు మార్చాను. ఒకదాంట్లో లేబుళ్ళకి రంగులు బాగున్నాయి. ఒకదాంట్లో నోట్స్ నుంచి నోట్స్‌కి దారం కట్టినట్టు గీతలొస్తాయి. మొన్న కూర్చుని చూసుకుంటే ఏడింట్లోనూ కలిపి నేను రాసినవి పదకొండు నోట్స్. వాటిలో నాలుగు, కొత్త యాప్‌లో నోట్స్ ఎలా సర్దుకోవాలి అన్నవే. ఉద్యోగంలో చేరిన రోజునుంచీ జనానికి నేను చెబుతున్న మొదటి సలహా, యాప్ మార్చకండి అని.

నీకు చెప్పేదీ అదే. సాదాది ఒకటి తీసుకో. నెట్ లేకపోయినా రాయనిచ్చేది, అక్షరాలు పెద్దవి చేసుకోగలిగేది, రాసిందంతా మామూలు ఫైలుగా బయటికి తీసుకోనిచ్చేది. వారం రోజులు పుస్తకంలోనూ రాయి, అందులోనూ రాయి. శనివారం రెండూ పక్కపక్కన పెట్టి చూడు. నెలకోసారి మొత్తం క్లినిక్ కంప్యూటర్లోకి కాపీ తీసిపెట్టు. అన్నిటికన్నా ముఖ్యం, ఫ్రిజ్ ముందు నిలబడే రాయి. తర్వాత టేబుల్ దగ్గరకొచ్చి రాద్దామనుకోకు. మాకు రోజుకి నలభై ఫోన్లొస్తాయి. నిజంగా యాప్ పోగొట్టిన నోట్స్ వాటిలో రెండో మూడో. మిగతావన్నీ అసలు రాయని నోట్స్. రాశామనుకుని వెతుకుతుంటారు.

తేదీ సంగతి. పైన శీర్షికలో నీ ఇష్టమొచ్చిన తేదీ రాసుకోవచ్చు. కానీ నువ్వు రాసిన అసలు టైము యాప్ తనంతట తాను కింద వేసుకుంటుంది. ఎవరైనా చూడొచ్చు. మంచిదేగా, నీకు తేదీ వేసే పని తప్పుతుంది.

పిచ్చుక

*

క్లినిక్, మందుల గది
జూన్ 20

పిచ్చుకా,

మూడు చూశాను. మొదటిది తెరవగానే "ఈ రోజు మీ మనసు ఎలా ఉంది?" అని అడిగి ఐదు ముఖాలు చూపించింది. వాంతి చేసుకున్న కుక్కని తుడిచి వచ్చాను, ఆ ముఖం అందులో లేదు. రెండోది నా బొటనవేలి ముద్ర అడిగింది. క్లోరిన్ నీళ్ళలో నానీ నానీ నా వేలికి ముద్రే లేదు, నన్ను లోపలికి రానివ్వలేదు. మూడోది బాగుంది. అక్షరాలు గోడమీద రాసినంత పెద్దవి. నువ్వు చెప్పినట్టే వారం రోజులు రెండిట్లోనూ రాశాను.

కానీ ప్రతి నోట్ కిందా గంటా నిమిషం వేసేస్తోంది. అంత అవసరమా అనిపిస్తోంది. పుస్తకంలో ఎనిమిదిన్నర అని రాస్తే ఎనిమిదిన్నరే. దీంట్లో ఎనిమిదీ నలభై ఏడు. ఎవరో భుజం వెనక నిలబడి చూస్తున్నట్టుంటుంది. టైము వేసుకోనిది గానీ, వేసుకున్నా మనం మార్చుకోగలిగేది గానీ లేదా?

నువ్వు చిన్నప్పుడు చూశావు కదా, ముందు గదిలో అద్దాల బీరువా. నా పుస్తకాలు పందొమ్మిదీ ఇప్పుడందులో ఉన్నాయి, ఏడాదికొకటి చొప్పున వరసగా. కొత్తగా క్లినిక్ పెట్టుకునేవాళ్ళు ఎవరైనా వస్తే డాక్టరమ్మ తాళం తీసి ఏదో ఒకటి బయటికి తీస్తుంది. "ఏ పేజీ అయినా తిప్పండి. పందొమ్మిదేళ్ళలో ఒక్క గడి ఖాళీ ఉంటే చూపించండి" అంటుంది. తనిఖీకి వచ్చినాయన ఫొటో తీసుకెళ్ళాడు. అలాంటప్పుడు నేను లోపలికి వెళ్ళి బోనులు కడుక్కుంటాను.

పిన్ని

*

హెల్ప్‌డెస్క్
జూన్ 28

పిన్నీ,

అలాంటి యాప్ ఒకటుంది. దాని నల్ల గుర్తు మీద తెల్ల గీత ఉంటుంది. నోట్ రాశాక కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కు, "వివరాలు" వస్తుంది, అందులో తేదీ మీద వేలు పెడితే మార్చుకోవచ్చు. టైము కూడా. మార్చినట్టు ఎక్కడా కనిపించదు.

ఎందుకని అడగను.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. మళ్ళీ రాస్తాను.

పిచ్చుక

*

ఇల్లు, వంటగది బల్ల
జూలై 19

పిచ్చుకా,

నల్ల గుర్తుది పెట్టుకున్నాను. నువ్వు చెప్పినట్టే పనిచేస్తోంది.

నీ ఉత్తరంలో "ఎందుకని అడగను" అన్న మాట ఉంది చూడు, దాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. నువ్వు అడిగి ఉంటే ఏదో ఒక అబద్ధం చెప్పి ఊరుకునేదాన్ని. అడగనన్నావు కాబట్టి చెప్పాల్సి వస్తోంది.

ఆదివారాలు క్లినిక్ మూసి ఉంటుంది, ఉంచుకున్న జంతువుల్ని శనివారమే ఇళ్ళకి పంపేస్తాం. ఫ్రిజ్‌కి ఆ సంగతి తెలియదు కాబట్టి నేను వెళ్ళి చూడాలి. మొదటి ఎనిమిదేళ్ళు వెళ్ళాను. ఆ తర్వాత ఆదివారం బస్సు తీసేశారు. నడిస్తే నలభై నిమిషాలు, మళ్ళీ సాయంత్రం నలభై. వెనక్కి రావడం వేరే. ఒక వారం జ్వరమొచ్చి వెళ్ళలేదు. సోమవారం వెళ్ళి చూస్తే ఫ్రిజ్ నాలుగు డిగ్రీల దగ్గర నిమ్మళంగా ఉంది. ఆదివారం గడులు రెండూ ఖాళీగా నా వంక చూస్తున్నాయి. పొద్దున 4, సాయంత్రం 5 అని రాశాను. ఆ తర్వాతి వారం జ్వరం లేదు. అయినా వెళ్ళలేదు.

పదకొండేళ్ళయింది.

ఎప్పుడూ నాలుగే రాస్తే అనుమానమొస్తుందని అప్పుడప్పుడు ఆరు రాసేదాన్ని. ఎండాకాలం ఒకటో రెండో ఏడు. వెళ్ళకపోవడానికి బద్ధకమని పేరు పెట్టుకుని సరిపెట్టుకోగలను. కానీ ఆ ఆరులున్నాయే, అవి కూర్చుని ఆలోచించి రాసినవి. వాటిని తలచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఈ యాప్‌లో కూడా రెండు ఆదివారాలు అలాగే చేశాను. సోమవారం రాశాను, మూడు చుక్కలు నొక్కాను, తేదీ మార్చాను. కిక్కురుమనకుండా ఒప్పేసుకుంది. మూడో ఆదివారం లేచి నడిచి వెళ్ళాను. తాళం తీసేసరికి మెట్ల మీద పడుకునే ముసలి వీధికుక్క మొరిగింది. ఆదివారం మనిషి రావడం అది ఎరగదు.

పోనీ, ఎవరికీ ఏమీ కాలేదు కదా. ఇకనుంచి వెళ్తాను. ఈ ఉత్తరం చించెయ్.

పిన్ని

*

నా గది, కిటికీ దగ్గర
జూలై 27

పిన్నీ,

చించలేదు.

నేనూ ఒకటి చెప్పాలి. నీ రెండో ఉత్తరం చదివినప్పుడే నాకు తెలిసిపోయింది. టైము మార్చుకోగలిగే యాప్ కావాలని అడిగేవాళ్ళు మాకు వారానికి ఇద్దరు ముగ్గురు ఫోన్ చేస్తారు. వాళ్ళ గొంతు మాకు అలవాటే. ముందు వేరే రెండు ప్రశ్నలడుగుతారు, ఆ తర్వాత "ఇంకో చిన్న మాట" అంటారు. అలాంటివాళ్ళకి "కుదరదండీ" అని చెప్పమని మాకు శిక్షణ ఇచ్చారు. ముక్కూ ముఖం తెలియనివాళ్ళకి రెండేళ్ళుగా కుదరదనే చెబుతున్నాను. నీకు మాత్రం ఏ చుక్కలు నొక్కాలో రాసి పంపాను.

అంతకన్నా పాతది ఇంకొకటుంది. నీకు గుర్తుందో లేదో. నాకు పదకొండేళ్ళప్పుడు, పన్నెండప్పుడు, పదమూడప్పుడు వేసవి సెలవులు నీ దగ్గరే గడిపాను. సోమవారం పొద్దున నన్ను మందుల గదిలో ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టేదానివి. పుస్తకం తెరిచి, పెన్ను మూత నోట్లో పెట్టుకుని, "చెప్పవే పిచ్చుకా, ఆదివారానికి ఎంత రాద్దాం?" అనేదానివి. నేను "ఐదు!" అనేదాన్ని. నువ్వు ఐదు రాసేదానివి. పెద్దవాళ్ళ పుస్తకంలో నా అంకె పడుతోందని ఎంత సంబరమో నాకు. అది ఆట కాదని ఏ వయసులో తెలిసిందో చెప్పలేను. తెలిశాక కూడా నిన్ను అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు అని రాశావు. అది నీకు ఎలా తెలుసు? ఫ్రిజ్ తలుపు మీది థర్మామీటర్లో రెండు అంకెలుండేవి. పైది అప్పటి వేడి. కింది అంకె, చివరిసారి బటన్ నొక్కినప్పటినుంచి ఎంత దాకా ఎక్కిందో చూపించేది. బటన్ నొక్కి దాన్ని చెరపడం నా పని, అందుకే బాగా గుర్తు.

ఆ కింది అంకె ఎప్పుడైనా ఎనిమిది దాటిందా?

పిచ్చుక

*

ఇల్లు
ఆగస్టు 24

పిచ్చుకా,

నాలుగు వారాలు జవాబు రాయలేదు. రాయడానికి కూర్చోలేదని కాదు.

ఆ కింది అంకె మీదే నేను పదకొండేళ్ళు బతికాను. సోమవారం రాగానే దాన్నే చూసేదాన్ని. ఎనిమిది లోపలుంటే, ఆదివారం నేను రాలేదన్న మాటే గానీ ఫ్రిజ్‌కి ఏమీ కాలేదు, నేను రాసేది అబద్ధమైనా జరిగింది మంచిదే అనుకునేదాన్ని. ఆ మాట నాకు నేను ఎంత బాగా చెప్పుకున్నానంటే, అది మా క్లినిక్ పద్ధతే అన్నంత నమ్మకం కుదిరింది.

ఈ ఏడాది మార్చిలో ఒక శనివారం. సాయంత్రం ఐదింటికి ఒక బొచ్చు పిల్లిని తెచ్చారు, పొట్టంతా ఉండలు కట్టి ఉంది. బొచ్చు తీసే మిషన్‌కి ముందు గదిలో ప్లగ్ పాడైంది. మందుల గదిలోకి తీసుకెళ్ళి, ఫ్రిజ్ ప్లగ్ పీకి, మిషన్ పెట్టాను. పిల్లి నా చెయ్యి రెండు చోట్ల చీరింది. కట్టు కట్టుకుని, లైట్లు ఆపి, తాళం వేసి ఇంటికి వచ్చేశాను.

సోమవారం ఎనిమిదిన్నరకి ఫ్రిజ్ చప్పుడు లేదు. పై అంకె 19. కింది అంకె కూడా 19. మిషన్ వైరు ఇంకా గోడకే ఉంది.

అది పీకి ఇది పెట్టాను. ఫ్రిజ్ మోగింది. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో గుర్తు లేదు. పదిన్నరకి డాక్టరమ్మ వచ్చేసరికి పై అంకె ఏడు చూపిస్తోంది. కింది అంకె ఇంకా 19 అనే అంటోంది. బటన్ నొక్కేశాను.

నేను చూడక కాదే. చూశాను, చూసే నొక్కాను.

పుస్తకం తీసి ఆదివారానికి 4, 5 అని రాశాను. సోమవారానికి 5. ఆ రోజు ఫ్రిజ్‌లో ముప్పై ఒక్క రేబిస్ టీకాలున్నాయి. మే నెలాఖరుకి అన్నీ అయిపోయాయి. అన్నీ మన చుట్టుపక్కల కుక్కలకే. సగం వాటిని నేనే పట్టుకున్నాను. టీకా పాడైందో లేదో సీసా చూస్తే తెలియదు, కుక్కని చూస్తే తెలియదు. పాడవలేదేమో కూడా. ఆ "ఏమో" పట్టుకుని ఐదు నెలలు నిద్రపోయాను.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, పోయిన వారం కూరగాయల సందులో ఒక వీధికుక్క చచ్చిపోయింది. పరీక్షకి పంపారు. పిచ్చే అని తేలింది. చావకముందు ఎన్నిటిని కరిచిందో ఎవరికీ తెలియదు. నిన్న వీధివాళ్ళు ఇరవై మంది క్లినిక్ ముందుకి వచ్చారు. డాక్టరమ్మ బయటికి వచ్చి, "కంగారు పడకండి. మన నాలుగు వీధుల్లో పెంపుడు కుక్కలన్నిటికీ టీకా ఉంది. ఒక్కొక్కటీ రాసి ఉంది, రండి చూపిస్తాను" అని అద్దాల బీరువా తాళం తీసింది. గడియారాలు బాగుచేసే తాత తన కుక్క దొరని చంకన పెట్టుకుని వచ్చాడు. ఈ ఏడాది పుస్తకంలో దొర పేరు చూసుకుని, "ఉందిరా, నీ పేరుంది" అని దాని మూతి ముద్దుపెట్టుకున్నాడు.

ఆ పేరు రాసింది నేను. ఆ టీకా ఆ ముప్పై ఒకటిలోది.

పిన్ని

*

నా గది
ఆగస్టు 27

పిన్నీ,

ఉత్తరం అందగానే మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. నేనని తెలిసే ఎత్తలేదనుకుంటున్నాను. అందుకే దీన్ని మీ ఊరి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, సాయంత్రానికి నీకు చేరుతుంది.

రేపు పొద్దున డాక్టరమ్మకి చెప్పు. కుక్కలు రోడ్డు మీద తిరుగుతున్నాయి, పిల్లలు వాటితో ఆడుతున్నారు. నువ్వు సిగ్గుపడటానికి తర్వాత బోలెడు టైముంది.

ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే, ఫోన్లో ఏడ్చేవాళ్ళకి మేం చెప్పేదే చెబుతాను. ఏం చేశారు, ఎప్పుడు చేశారు, ఆఖరుసారి ఏం చూశారు. ఆ మూడే చెప్పండి, మిగతాది తర్వాత అంటాం. నువ్వూ అంతే చెప్పు. బస్సు గురించి చెప్పకు. జ్వరం గురించి చెప్పకు.

నీ టీకా పుస్తకంలో పెట్టె నంబర్లున్నాయి. ఆ ముప్పై ఒకటీ ఏ ఇళ్ళకి వెళ్ళాయో అందులో నిజంగానే ఉంది. అది చేత్తో పట్టుకుని వెళ్ళు.

ఎల్లుండి సాయంత్రం లోపు నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను. ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అయినా రాశాను.

పిచ్చుక

*

క్లినిక్, మందుల గది
సెప్టెంబరు 16

పిచ్చుకా,

చెప్పాను. నీ ఉత్తరం అందిన మర్నాడే, తొమ్మిదింటికి, ఆవిడ ఇంకా చెప్పులు విడవకముందే.

"డాక్టరమ్మా, మార్చిలో ఒక శనివారం ఫ్రిజ్ ప్లగ్ పీకాను. మళ్ళీ పెట్టలేదు. సోమవారం చూస్తే పందొమ్మిది డిగ్రీలుంది. నాలుగు, ఐదు అని రాశాను. ఆ ముప్పై ఒక్క టీకాలూ వేసేశాం."

"ఎన్ని గంటలు?" అంది.

"ముప్పై తొమ్మిదిన్నర."

"ఆదివారం వచ్చి చూశావుగా? రాసి ఉంది."

"రాలేదు."

"ఆ ఒక్క ఆదివారమేనా?"

"పదకొండేళ్ళు."

చెప్పులు విడిచింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. అద్దాల బీరువా వైపు ఒకసారి చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"నన్ను మానెయ్యమంటారా?" అని అడిగాను.

"నీ ఉద్యోగం గురించి ఇవాళ నాకు చెప్పకు" అంది. "ముప్పై ఒక్క ఇళ్ళకీ ఫోన్ చెయ్యి. నువ్వే చెయ్యి. పొరపాటు జరిగింది అనకు. నేను ప్లగ్ పీకాను అను. నేను చూసి కూడా చెప్పలేదు అను. నేను కొత్త టీకాలు తెప్పిస్తాను."

చేశాను. బేకరీ ఆవిడ, "అంటే ఇన్నాళ్ళూ మా దానికి నీళ్ళు పొడిచారా? మా మనవడు దాన్ని పక్కలో వేసుకుని పడుకుంటాడమ్మా!" అంది. "ఇవాళే తీసుకురండి" అన్నాను. ఒక మాస్టారు, "తారీఖు చెప్పండి, రాసుకుంటాను. ఈసారి నేనూ రాసుకుంటాను" అన్నాడు. ఒకాయన నేను చెప్పింది మొత్తం విని, "డాక్టరమ్మకి ఇవ్వండి ఫోను" అన్నాడు. ప్రతి ఫోన్‌కీ "నేను ప్లగ్ పీకాను" అన్నాను. ఇరవయ్యోసారికి అలవాటవుతుందనుకున్నాను. కాలేదు.

గడియారాల తాత వినగానే ఫోన్ పెట్టేశాడు. గంటలో దొరని తీసుకుని వచ్చాడు. అది పుట్టినప్పటినుంచీ సూదికి దాని మెడ పట్టుకునేది నేనే. ముందుకి వెళ్ళాను. ఆయన నాకు అడ్డంగా నిలబడి తనే పట్టుకున్నాడు. పని అయ్యాక దొర వచ్చి మామూలుగా నా చెయ్యి నాకింది. ఆయన గొలుసు లాగేశాడు.

ఇరవై తొమ్మిది వచ్చాయి. ఒకటి జూన్‌లోనే లారీ కింద పడి పోయిందట. ఇంకొకటి దొరకలేదు. ఇళ్ళకి రంగులేసే ఆయనది, తెల్ల కాళ్ళున్న నల్ల కుక్కపిల్ల. ఇల్లు మారారు, ఫోన్ పనిచేయడం లేదు. సాయంత్రాలు వీధులు పట్టి అడుగుతూ తిరుగుతున్నాను. రంగుల షాపుల్లో చెప్పి వచ్చాను.

నల్ల గుర్తు యాప్ తీసేశాను. టైము దానంతటదే వేసుకునే మూడోదే పెట్టుకున్నాను. అయినా డాక్టరమ్మకి అంకె చాలడం లేదు. "థర్మామీటర్ ఫొటో తీసి పెట్టు" అంది. కోపంగా కాదు, కొత్తగా చేరినవాళ్ళకి చెప్పినట్టు చెప్పింది. ఒక్క గడి ఖాళీ లేదని పదిమందికి చూపించిన మనిషికి ఇప్పుడు నేను ఐదు అంటే ఐదు కాదు. రోజుకి రెండు ఫొటోలు. తీసినప్పుడల్లా తెర మీద నా ముఖం మసగ్గా కనిపిస్తుంది.

అదే యాప్‌లో రంగులాయన కుక్కకి ఒక నోట్ తెరిచాను. రోజూ "వెతికాను, దొరకలేదు" అని రాస్తున్నాను. మొన్న వానకి వెళ్ళలేదు. వేళ్ళు వాటంతటవే "వెతికాను" అని కొట్టేశాయి. అది చెరిపి "వెళ్ళలేదు" అని కొట్టడానికి ఎంత పట్టిందో చెబితే నమ్మవు.

పుస్తకాలు బీరువాలోంచి తీయించింది. చించేస్తుందనుకున్నాను. నా బల్ల మీద పెట్టి ఎర్ర పెన్ను ఇచ్చింది. నేను చూడని ప్రతి ఆదివారం దగ్గరా అంకె కొట్టేసి, పక్కన "చూడలేదు" అని రాసి సంతకం చెయ్యాలి. అయ్యాక మళ్ళీ అదే బీరువాలో పెడుతుందట. లెక్కపెట్టాను. ఐదు వందల అరవై ఎనిమిది ఆదివారాలు. ఆ ఆరుల దగ్గరకి వచ్చినప్పుడు పెన్ను ఆగిపోతోంది.

పిన్ని

*

హెల్ప్‌డెస్క్
సెప్టెంబరు 23

పిన్నీ,

నిన్న ఒకాయన ఫోన్ చేశాడు. ముందు రెండు ప్రశ్నలడిగి, "ఇంకో చిన్న మాట" అన్నాడు. "కుదరదండీ" అన్నాను. రెండేళ్ళుగా ఆ మాట అంటూనే ఉన్నాను, నిన్న దాని తర్వాత "ఎందుకండీ?" అని కూడా అడిగాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

నీకు చుక్కలు నొక్కడం నేర్పింది నేనని డాక్టరమ్మకి చెప్పలేదు నువ్వు. నాకు తెలుసు, చెప్పవు. ఆవిడకి విడిగా ఒక ఉత్తరం రాసి ఇందులోనే పెట్టాను. అంటించలేదు. చదివి ఇవ్వు. ఇవ్వకుండా ఉండకు.

ఆ పుస్తకాల్లో నా ఐదులున్నాయి. వాటిని నువ్వు కొట్టెయ్యకు, నాకు వదిలెయ్.

పిచ్చుక

*

క్లినిక్, మందుల గది
అక్టోబరు 2

పిచ్చుకా,

ఇచ్చాను. ఆవిడ నా ఎదుటే చదివి, మడిచి, టీకా పుస్తకంలో పెట్టుకుంది. "పిల్ల రాత బాగుంది" అంది.

రంగులాయన ఇంకా దొరకలేదు.

నీ సెలవుల మూడేళ్ళ పుస్తకాలూ తీశాను. వెతకాల్సిన పనే లేకపోయింది. మిగతా ఆదివారాల్లో నాలుగులూ ఆరులూ ఉన్నాయి. ఆ మూడు వేసవుల్లో మాత్రం ఆదివారం ఫ్రిజ్ ఐదు దాటలేదు, ఐదుకి తగ్గలేదు. పొద్దున 5, సాయంత్రం 5. ఒక్కరు కూడా పట్టుకోలేదు.

అలాంటి ఆదివారాలు ఇరవై మూడున్నాయి. పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టి వదిలేశాను. ఎర్ర పెన్నులో సిరా ఉంది. శనివారం రాత్రికి వచ్చెయ్. మర్నాడు పొద్దున ఏడుంబావుకి బయల్దేరదాం, ఎనిమిదింటికి ఫ్రిజ్ చూడాలి. బస్సు లేదు. నడవడానికి పనికొచ్చే చెప్పులు వేసుకో.

పిన్ని